శాసనసభ చేయవలసిన పని – మనము చేయించుకొనవలసిన పని

(ఒక పట్టణ పఠనమందిరము వార్షిక సభయందు, గ్రంథాలయోద్యమ కార్యకర్తయగు ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



ఈ పఠనమందిరమునకు నేను మొట్టమొదట వచ్చినది నా పదునాలుగవ యేట. మా తండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని వచ్చి, ఆ మూలనున్న బల్లవద్ద కూర్చుండబెట్టి, "చదువుము, చదివినది సాయంకాలము నాకు చెప్పుము" అనిరి. ఆనాడు ఈ బల్లపై పదునొకండు పత్రికలుండెడివి. నేడు సభకు వచ్చుచు లెక్కించితిని; మూడు మాత్రమే యున్నవి. తక్కినవానికి చందా కట్టుటకు సొమ్ము లేదని గ్రంథపాలకులు చెప్పిరి. సొమ్మేల లేదు? ఇది మిక్కిలి చిన్న ప్రశ్న. కాని దీనికి సమాధానము వెదకుచు పోయినచో అది మనలను ఈ గదినుండి పురపాలక సంఘమునకు, అచటినుండి రాష్ట్ర శాసనసభకు కొనిపోవును. నేటి నా ఉపన్యాసమంతయు ఆ దారివెంట నడచుటయే.

శాసనసభ యనగానే మనకు జ్ఞప్తికి వచ్చునవి ఎన్నికలు, ఊరేగింపులు, సభ్యులు పరస్పరము దూషించుకొను దృశ్యములు. ఎవరు ఎవరిని ఏమనిరో మనకు తెలియును. ఏ పాఠశాలకు, ఏ వైద్యశాలకు ఎంత మంజూరు చేసిరో తెలియదు. కాని బిడ్డ చేతిలోని పుస్తకము, రోగి చేతిలోని మందు, వీధి కుళాయిలోని నీరు, ఈ బల్లపైని పత్రిక, ఈ నాలుగును ఆ సభయందలి మాటమీదనే ఆధారపడియున్నవి. రాజ్యాంగమునందలి ఏడవ షెడ్యూలు చూడుడు. ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, వైద్యశాలలు, స్థానిక పరిపాలనము, మంచినీరు, గ్రంథాలయములు – ఇవి రాష్ట్ర జాబితాలోనివి. విద్యయు మొదట అందే యుండెను. 42వ సవరణచే 1977 జనవరి 3వ తేదీనుండి ఉమ్మడి జాబితాలో చేరినది. ఐనను పాఠశాల తెఱచుట, ఉపాధ్యాయుని నియమించుట, వానికి జీతమిచ్చుట నేటికిని ముఖ్యముగా రాష్ట్రము పనియే.

ఈ యధికారము మనకు ఊరక లభించినది కాదు. 1911లో గోపాలకృష్ణ గోఖలేగారు కేంద్ర శాసన మండలిలో ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టిరి. ఆయన యడిగినది ఎంత స్వల్పము! స్థానిక సంస్థలు కోరినచోట, 6 మొదలు 10 సంవత్సరముల బాలురకు నిర్బంధవిద్య యేర్పఱుప వచ్చుననియే. 1912 మార్చిలో ఆ బిల్లుకు 13 వోట్లును, దానికి వ్యతిరేకముగా 38 వోట్లును వచ్చినవి. ప్రభుత్వోద్యోగులగు సభ్యులు గోడవలె నిలిచిరి; దేశీయులలోను కొందఱు ధనికులు వారితో చేరిరి. ఓడిపోవుదునని యెఱిగియే గోఖలేగారు ఆ బిల్లును తెచ్చిరి. బిల్లు ఓడినను ప్రశ్న ఓడలేదు. బిడ్డలకు చదువు చెప్పుట ప్రభుత్వమునకు విధియా, దయయా యను ప్రశ్న నాడు దేశము ముందు నిలిచినది. నేటికిని నిలిచియే యున్నది.

చెన్నరాజధానిలో 1920లో ప్రాథమిక విద్యా చట్టము, జిల్లా పురపాలక సంఘముల చట్టము, స్థానిక బోర్డుల చట్టము వెలువడినవి. 1919 సంస్కరణలచే విద్య, ప్రజారోగ్యము, స్థానిక పరిపాలనము మంత్రుల చేతికి వచ్చినవి. కాని విత్తశాఖ గవర్నరు కార్యనిర్వాహక సభ్యునియొద్దనే యుండెను. అనగా వంటయింటి భారము కోడలిది, ఉగ్రాణము తాళము అత్తది. ఆ యిఱుకులోనే పానగల్లు రాజావారి మంత్రివర్గము కొన్ని పనులు చేసినది. దేశీయ వైద్యమునకు ప్రభుత్వ పాఠశాల చెన్నపట్టణమున ఏర్పడెను. పాత్రోగారు విద్యామంత్రిగా నుండగా 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము వెలువడినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ ఉపాధ్యక్షులైరి. బెజవాడలో మొదలై విశ్వవిద్యాలయము వాల్తేరునకు చేరినది. ఆ సభకే డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు వచ్చి ఉపాధ్యక్షస్థాన మలంకరించిరి. బ్రిటిషు ఇండియాలో శాసనసభ్యురాలైన ప్రథమ మహిళ ఆమెయే. ఐనను ప్రాథమిక విద్యా చట్టమునందు నిర్బంధము స్థానిక సంస్థల యిచ్ఛకు విడువబడినందున, అది కొన్ని చోట్లనే వెలసి, తక్కినచోట్ల కాగితముపై మిగిలినది. చేయవచ్చును అని వ్రాసిన చట్టమునకును, చేయవలెను అని వ్రాసిన చట్టమునకును గల వ్యత్యాసము న్యాయవాదికి తెలియును. బడి లేని పల్లెలోని బిడ్డకు అంతకంటె బాగుగ తెలియును.

పిమ్మట 1937 జులైలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చినది. అది రెండు సంవత్సరముల మూడు మాసములు మాత్రమే యధికారములో నుండెను. ఆ స్వల్పకాలమున జరిగిన రెండు పనులను మీ ముందుంచెదను. మొదటిది మద్యనిషేధము. 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో దానిని మొదలిడిరి. కల్లు సారాయములవలన వచ్చు ఆదాయము పోవుననియు, ఆ యాదాయము లేక బడులు నడువవనియు పలువురు భయపెట్టిరి. తల్లి మెడలోని పుస్తె తాకట్టుపెట్టి బిడ్డకు పుస్తకము కొనుట వంటిది ఆ వాదము. మంత్రివర్గము దానికి లొంగక, వేఱు మార్గము వెదకి, 1939లో సామాన్య విక్రయపు పన్ను చట్టమును చేసినది. నష్టమును దాచలేదు, పన్నును దాచలేదు. సభకు వచ్చి, ఇంత పోవును, ఇంత కావలెను, ఇట్లు తెత్తుమని చెప్పి వోటు పొందిరి. ఆ పన్ను మంచిదా చెడ్డదా యని తర్కింపవచ్చును. కాని సభకు లెక్క చెప్పవలెనన్న ఆ మర్యాదను తర్కింపరాదు.

రెండవది 1939వ సంవత్సరపు మద్రాసు ప్రజారోగ్య చట్టము. ప్రజారోగ్యమునకై సమగ్రముగా చేసిన చట్టములలో మన దేశమున అది మొట్టమొదటిది. ఆరోగ్యమంత్రి టి.ఎస్.ఎస్. రాజన్ గారు స్వయముగా వైద్యులు. మంచినీరు, మురుగు కాలువలు, అంటువ్యాధుల ప్రకటనము, సంతలు, తీర్థములు – వీనియం దన్నిటను ఎవరి బాధ్యత యేదియో అది నిర్ణయించినది. కలరా వచ్చినపుడు మందుసీసాతో పరుగెత్తుట వైద్యము. కలరా రాకుండ నూతికి గట్టు కట్టించుట ప్రజారోగ్యము. మొదటిదానికి చప్పట్లు వచ్చును, రెండవదానికి రావు. చప్పట్లు రాని పనిని విధిగా చేయించుటకే శాసనము కావలెను.

మూడవదియగు చట్టము మన గృహమునకు సంబంధించినది. 1948లో మద్రాసు శాసనసభ పౌర గ్రంథాలయ చట్టమును చేసినది. స్వతంత్ర భారతమున ఇట్టి చట్టము ఇదియే ప్రథమము. రంగనాథన్ గారి విద్వత్తు దాని వెనుక నుండెను. మన ఆంధ్రదేశపు ముప్పది నాలుగేండ్ల యుద్యమ మంతకుముందే నేలను దున్నియుండెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఊరూర తిరిగిరి. కృష్ణా కాలువలో పడవపై పుస్తకములు పంపిరి. వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. నిజాము రాష్ట్రమున ప్రజలకు బాధ్యత వహించు శాసనసభయే లేని కాలమున, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును మనవారు నిలిపిరి. 1952లో సార్వత్రిక వోటుహక్కుతో ఎన్నికైన హైదరాబాదు శాసనసభ వచ్చిన మూడేండ్లకు, 1955లో, అచటను గ్రంథాలయ చట్టము వచ్చినది. రెండు ప్రాంతముల చట్టములకు బదులు 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ఏర్పడెను.

1948 చట్టమునందు ఇంటిపన్నుపై రూపాయి కొక అర్ధణా చొప్పున గ్రంథాలయ సుంకము విధించిరి. మన రాష్ట్రమున పిమ్మట అది రూపాయికి 8 పైసలైనది. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థు 80 రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడన్నమాట. ఈ సుంకమును పురపాలక సంఘమో పంచాయతియో వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. దాత దయపై ఆధారపడకుండ, ఊరివారి పన్నుతో ఊరివారి పుస్తకము నిలుచునట్లు చేసిన యేర్పాటిది. మిక్కిలి గౌరవప్రదమైన యేర్పాటు.

ఇక నా స్వానుభవము. గతసంవత్సరము పత్రికలు తగ్గుట చూచి, 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద మన ప్రాంతమందలి ఒక స్థానిక సంస్థకు దరఖాస్తు పెట్టితిని. రెండే ప్రశ్న లడిగితిని: గ్రంథాలయ సుంకముగా ఎంత వసూలు చేసితిరి? ఎంత చెల్లించితిరి? మొదటి ప్రశ్నకు సమాధానము వెంటనే వచ్చినది. రెండవదానికి అప్పీలు చేసినపిదప వచ్చినది. వసూలైనదానిలో అధికభాగము చెల్లింపబడలేదు. ఆ సొమ్ము సాధారణ నిధిలో కలిసి, జీతములకు, వీధిదీపముల కరెంటు బిల్లులకు వ్యయమైనదని వ్రాసిరి. కంచె చేను మేసిన సామెత మీ కెల్లరకు తెలియును. కాని నేను ఆ యధికారిని నిందింపను. ఆయన నన్ను కూర్చుండబెట్టి, "అయ్యా, చెత్తబండి నిలిచిపోయిన ఊరంతయు నా మీదికి వచ్చును, పుస్తకము నిలిచిపోయిన ఒక్కరును రారు. మీరే మొదటివారు" అనిరి. ఆ మాట నన్ను చాలదినములు నిద్రపోనీయలేదు. ఆయన చెప్పినది లంచగొండి మాట కాదు, నిస్సహాయుని మాట. అందు మనపై నేరారోపణము కలదు.

సభాసదులారా! దేవుడు వరమిచ్చినను పూజారి యీయడని మనవా రందురు. శాసనసభ వరమిచ్చినది, 1948లో నిచ్చినది, 1955లో నిచ్చినది, 1960లో నిచ్చినది. వరము మన చేతికి రాకుండుట కెవరిని అడుగవలెను? మరల ఆ సభనే అడుగవలెను. ఏలయన శాసనము చేయుటతో సభ పని ముగియదు. శాసనము చేయుట నాలుగవ వంతు మాత్రమే. సొమ్ము మంజూరు చేయుట రెండవది. మంత్రిని ప్రశ్నించుట మూడవది. ఖర్చైన సొమ్ము ఖర్చు కావలసినచోటనే అయ్యెనా యని కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదికను చేతబట్టి విచారించుట నాలుగవది. రాజ్యాంగము 151వ అధికరణము ఆ నివేదికను సభ ముందుంచవలెనని శాసించుచున్నది. సభ ముందు బల్లపై పెట్టుట మాత్రమే కాదు. సభ్యుడు దానిని తెఱచి చదువవలెను గదా!

చట్టముచే వచ్చిన హక్కునకు ఎంత బలము గలదో విద్యాచరిత్ర చెప్పును. రాజ్యాంగము 45వ అధికరణము, 14 సంవత్సరముల లోపు బిడ్డలందఱికిని పదేండ్లలో ఉచిత నిర్బంధవిద్య కల్పింప యత్నింపవలెనని 1950లో చెప్పెను. పదేండ్లు నాలుగు మార్లు గడచినవి. మన శాసనసభ 1983లో డొనేషన్ల పేర వసూళ్లను నిషేధించుచు ఒక చట్టము చేసినది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ప్రవేశములు, రుసుములపై చెలరేగిన వ్యాజ్యములలో, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను తీర్పునందు, 14 సంవత్సరముల వరకు విద్య ప్రతి బిడ్డకు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు ప్రకటించినది. దానిపై 2002లో 86వ సవరణము వచ్చెను. 2009లో విద్యాహక్కు చట్టము వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. గోఖలేగారి బిల్లు ఓడిన తొంబది యెనిమిదేండ్లకు ఆయన ప్రశ్నకు సమాధానము దొరికినది. విద్య దయ కాదు, విధి.

వైద్యమున నా విధి యింకను పూర్తిగా స్థాపితము కాలేదు. 2005 ఆగస్టు 15న 108 వాహనములు హైదరాబాదున మొదలైనవి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాలలో మొదలై రాష్ట్రమంతట వ్యాపించినది. పేదవాని గుండెకు శస్త్రచికిత్స జరుగుట సామాన్యమైన మేలు కాదు. దానిని తక్కువచేసి మాటలాడువాడు కృతఘ్నుడు. కాని ఇవి పథకములు. పథకము ప్రభుత్వ ఉత్తర్వుచే పుట్టును, ఉత్తర్వుచే మారును. దాని పేరు మారవచ్చును, జాబితా మారవచ్చును, వైద్యశాలలకు బకాయిలు పేరుకొని తలుపులు మూతపడవచ్చును. అపుడు రోగి న్యాయస్థానమున ఏ సెక్షను చూపవలెను? శాసనముచే వచ్చినది హక్కు. ఉత్తర్వుచే వచ్చినది అనుగ్రహము. 2023లో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్యహక్కు చట్టమును చేసినది. అందలి లోపములు విచారింపదగినవే. వైద్యులు దానికై ఆందోళనము చేసిరి. కాని ఆ ప్రశ్నను సభలోనికి తెచ్చుటయే గొప్ప. మనమో 2020లో కరోనా వచ్చినపుడు 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టమును దుమ్ము దులిపి దాని క్రింద నిబంధనలు వ్రాసికొంటిమి. ప్రజారోగ్యమున దేశమునకు దారి చూపిన సభకు వారసులమై యుండియు!

సభ ఈ పనులన్నియు చేయవలెనన్న కూర్చుండవలెను గదా! రెండు సమావేశముల నడుమ ఆఱుమాసములకు మించరాదని 174వ అధికరణము చెప్పుచున్నది. దానిని తీర్చుటకు మాత్రమే సభ పిలిచినచో నది శ్రాద్ధము పెట్టినట్లగును. వెంకటాచలయ్యగారి అధ్యక్షతను రాజ్యాంగ సమీక్షా సంఘము 2002లో ఇచ్చిన నివేదికలో, 70 మందికి మించిన సభ్యులుగల శాసనసభ సంవత్సరమునకు 90 దినములైన కూర్చుండవలెనని సూచించినది. ఆంధ్రప్రదేశ్ సభలో 175 గురు, తెలంగాణ సభలో 119 గురు ఎన్నికైన సభ్యులు కలరు. ఇటీవలి సంవత్సరములలో రెండింటిలో నేదియు ఆ సంఖ్య దరిదాపులకు రాలేదు. కడపటి దినమున అధ్యక్షులు తక్కిన పద్దులన్నిటిని ఒక్కమారుగా వోటునకు పెట్టుదురు. చర్చింపబడని శాఖల కోట్ల రూపాయలు ఒక్క "ఔను"తో గడచిపోవును. 2017వ సంవత్సరపు జాతీయ ఆరోగ్య విధానము, రాష్ట్రములు తమ బడ్జెటులో 8 శాతమునకు మించి ఆరోగ్యమునకు వ్యయపఱుపవలెనని కోరినది. మన రాష్ట్రము ఎంత వ్యయపఱచుచున్నదని మన సభ్యుడు సభలో నడిగెనా? అడుగకున్నచో అమ్మయైనను అన్నము పెట్టదు.

ఇందు సభ్యులనే తప్పుపట్టుట ధర్మము కాదు. మొన్న ఒక సభ్యునితో ఈ మాటయే యనగా ఆయన నవ్వి, "వకీలుగారూ, నేను సభలో పద్దుపై అర్ధగంట మాటలాడితిననుకొనుడు. ఊరికి వచ్చినపుడు ఎవరైనను దానిని గూర్చి యడుగుదురా? పెండ్లికి రాలేదని యడుగుదురు, బదిలీ చేయింపలేదని యడుగుదురు" అనిరి. నేను బదులు చెప్పలేకపోతిని. ఏలయన మా తమ్ముని కుమారుని బదిలీకై నేనును ఆయన గుమ్మము నొకప్పుడు ఎక్కితిని. సభ్యుని మనము శాసనకర్తగా పంపి, గుమాస్తాగా వాడుకొనుచున్నాము. పిమ్మట శాసనము సరిగా లేదని వాపోవుచున్నాము.

కావున మనము చేయదగిన పనులను చెప్పి ముగించెదను. ఇంటిపన్ను రసీదును నేడు ఇంటికి పోయి చూడుడు. గ్రంథాలయ సుంకమని యెంత వ్రాసియున్నదో గుర్తించుడు. అట్టి రసీదులు గల వంద మంది సంతకములతో, మా సుంకము ఎచట నున్నదని పురపాలక సంఘమునకు ఒక విన్నపము వ్రాయుదము. దాని ప్రతిని మన శాసనసభ్యునకు ఇచ్చి, దీనిని రాబోవు సమావేశమున ప్రశ్నగా వేయుడని కోరుదము. ఆయన వేసినచో ఈ మందిరమున సభచేసి కృతజ్ఞత చెప్పుదము, వేయకున్నచో ఆ సంగతియు ఈ గోడపై వ్రాయుదము. సభ జరుగు దినములలో ఇచట సాయంకాలము ఒక గంట, విద్యా వైద్య శాఖల పద్దులను చదివి వినిపించు బాధ్యతను నేను వహించెదను. అంకెలకు భయపడకుడు, ఇంటి లెక్క వ్రాయగల గృహిణికి బడ్జెటు లెక్క తెలియకపోదు.

ఆ యధికారి యనిన మాట మఱువకుడు: "మీరే మొదటివారు." నా కది గౌరవము కాదు, మన యూరికి అగౌరవము. రెండవవారు, మూడవవారు, నూఱవవారు ఈ సభనుండి లేచి పోవుదురు గాక! ఈ బల్లపై పదునొకండు పత్రికలు మరల కనబడిననాడు, ఏ తండ్రియైనను తన బిడ్డను చేయిపట్టుకొని వచ్చి ఆ మూల కూర్చుండబెట్టిననాడు, మన శాసనసభ తన పని చేసినదని నేను నమ్మెదను; మనమును మన పని చేసితిమని నమ్మెదను.